పదునైదేండ్ల పఠన ప్రణాళిక
(సంఘ సాంస్కృతిక సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగము చేయుచున్న ఒక తెలుగువారి యింట జరిగిన చిన్న సంగతితో ఈ ప్రసంగము ఆరంభమగుచున్నది. ఆ యింటి యజమాని తల్లి గోదావరి తీరమున స్వగ్రామమందు కాలధర్మము చెందినది. కర్మకాండ ముగించుకొని తిరిగి వచ్చునపుడు ఆయన ఆమె పెట్టెలోనుండి ఒక నోటుపుస్తకమును వెంట తెచ్చుకొనెను. మంగళహారతులు, పెండ్లిపాటలు, ఆవకాయ పాళ్లు, మనుమల పుట్టిన వేళలు, ఊరికి వరద వచ్చిన సంవత్సరములు అందు ఆమె తన చేతితో వ్రాసి యుంచినది. పదుమూడేండ్ల మనుమరాలు ఆ పుస్తకము విప్పి చూచి, "మామ్మ ఇందులో ఏం రాసింది, నాన్నగారూ?" అని అడిగెను.

ఆ బాలికకు హిందీ వచ్చును, ఇంగ్లీషు వచ్చును, తెలుగు మాటాడుట వచ్చును. తెలుగు అక్షరము మాత్రము రాదు. తండ్రికి అక్షరము వచ్చును. అయినను గొలుసుకట్టు వ్రాతలో ఉన్న నాలుగు పుటలు చదువుటకు ఆయనకు ఒక గంట పట్టెను. మూడవ పుటలో ఒక పాట నడుమ మాట అర్థము కాక ఆగిపోయెను. కళాశాలలో తెలుగు ప్రత్యేకముగా చదివిన వాడు. ఒకప్పుడు రాత్రి తెల్లవార్లు నవలలు చదివిన వాడు. కొన్నేండ్లుగా తాను చదివిన తెలుగు, ఫోనులో వచ్చు రెండు మూడు పంక్తుల వార్తలును, పండుగనాటి శుభాకాంక్షలును మాత్రమే యని ఆ రాత్రి ఆయనకు తెలిసివచ్చినది. కూతురికి అక్షరము అందలేదు. తనకు అందిన అక్షరము చేజారుచున్నది. ఈ ప్రసంగమునకు ఆ సంగతియే మూలము.

తెలుగువారి జీవితమున తెర ప్రవేశించుట నేటి మాట కాదు. 1930ల ఆరంభమున వెండితెర తెలుగు మాటాడ నేర్చెను. తరువాత బుల్లితెర వచ్చినది. భారతదేశమున టెలివిజను ప్రసారము మొట్టమొదట ఈ ఢిల్లీ నగరముననే 1959 సెప్టెంబరు 15వ తేదీన ప్రయోగాత్మకముగా మొదలైనది. 1982లో ఏషియా క్రీడల సందర్భమున ఆ బొమ్మలకు రంగులు వచ్చినవి. 2016 తరువాత డేటా చవుక యగుటతో అరచేతిలోని తెర ప్రతి యింటను ప్రతి మనుష్యునకు ఒకటిగా వెలసినది.

ఈ మూడు తెరలకును ఒక ముఖ్యమైన భేదము కలదు. సినిమా మూడు గంటలలో ముగియును. దీపములు వెలిగిన పిదప ప్రేక్షకుడు లేచి యింటికి పోవలెను. పూర్వపు టెలివిజను కూడ రాత్రి ఒక వేళకు ప్రసారము కట్టివేసెడిది. చేతిలోని తెరకు మాత్రము అంతము లేదు. వ్రేలితో పైకి నెట్టినకొలది క్రిందినుండి క్రొత్తది వచ్చుచునే యుండును. అది చదువరి అలసిననే గాని తానై ఆగదు. పుస్తకమునకు చివరి పుట యున్నది. ముగింపు ఉన్న వస్తువును చేతబట్టిన మనుష్యుడు తాను ఎంత వచ్చినది, ఎంత మిగిలినది ఎరుగును. ముగింపు లేని దానిని చేతబట్టినవానికి ఆ లెక్క తప్పిపోవును. దోషము మనస్సు యొక్క బలహీనత ఒక్కటే కాదు, వస్తువు యొక్క నిర్మాణమున కూడ కలదు.

తెరను నిందించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము కాదు. ఈ-ఆఫీసు వచ్చిన పిదప కార్యాలయమున ఫైలు సైతము తెరమీదనే నడచుచున్నది. ఊరిలోని తల్లిదండ్రుల ముఖము చూపించునది ఆ తెరయే. అమెరికాలోని కుమారుని మాట వినిపించునది ఆ తెరయే. అయితే ఉదయము తొమ్మిది మొదలు సాయంకాలము ఐదున్నర వరకు తెరను చూచిన కన్నులు, మెట్రోలో నొకసారి, భోజనమువేళ నొకసారి, పడక మీద నొకసారి మరల తెరనే వెదకుట మాత్రము ఆలోచింపదగినది.

లెక్క వేసి చూచినచో సంగతి స్పష్టమగును. కార్యాలయపు పని గాక ఒక ఉద్యోగి దినమునకు 3 గంటలు ఫోను చూచుచున్నాడనుకొందురు గాక. సంవత్సరమునకు 1,095 గంటలు. నలువదియైదేండ్ల వయస్సున్న ఉద్యోగికి అరువదవ యేట పదవీ విరమణ జరుగు వరకు 15 ఏండ్లు కలవు. ఆ 15 ఏండ్లలో 16,425 గంటలు. రాత్రింబవళ్లు కలిపి లెక్కించినచో 684 దినములు, అనగా రెండేండ్లకు కొంచెము తక్కువ. ఆ మూడు గంటల అంకె కొందరి విషయమున హెచ్చు కావచ్చును, కొందరి విషయమున తగ్గు కావచ్చును. 2018 నుండి ఫోనులలోనే ఈ లెక్క చూపు ఏర్పాటు వచ్చినది. ఎవరి అంకెను వారు చూచుకొనవచ్చును, ఇతరులకు చూపనక్కరలేదు.

ఇట్టి లెక్క చూచి అదరిపడినవారు సాధారణముగా ఒక ప్రతిజ్ఞ చేయుదురు. "రేపటినుండి ఫోను ముట్టను" అందురు. నాలుగు దినములు గడచును. ఐదవ దినమున ప్రతిజ్ఞయు నుండదు, పశ్చాత్తాపము సైతము పలుచబడును. దీనికి కారణము తెలిసికొనుట కష్టము కాదు. ఫోను తీసివేసిన చోట ఆ గంట ఖాళీగా నిలిచినది. ఖాళీగా నున్న గంట తన పాత యజమానునే పిలుచుకొనును. "చదువవలెను" అని మాత్రము సంకల్పించుకొన్నను ప్రయోజనము తక్కువ. ఏ పుస్తకము, ఏ పుట, ఏ కుర్చీ, ఏ వేళ అని నిర్ణయము లేని సంకల్పము, విషయము లేని ఫైలు వంటిది. అది కదలదు. ఈ రాత్రి తొమ్మిది గంటలకు ఫలాని పుస్తకములో 61వ పుట అని ముందే నిశ్చయమై యున్నచో, ఎంచుకొను శ్రమ తప్పును. అలసిన మనుష్యునకు చదువుట కంటె ఎంచుకొనుటయే కష్టము. ఆ కష్టమును ఒక ఆదివారము ఉదయము ముందుగా పడి, తక్కిన దినములకు లేకుండ చేయుటయే పట్టిక యొక్క ప్రయోజనము.

గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను 1931లో ప్రకటించిన ఎస్.ఆర్. రంగనాథన్ ప్రతి చదువరికిని తగిన పుస్తకము, ప్రతి పుస్తకమునకును తగిన చదువరి యుండవలెనని చెప్పి, చదువరి కాలమును ఆదా చేయవలెనని ఒక సూత్రమునే ఏర్పరచెను. గ్రంథాలయము చదువరి కొరకు చేయు ఈ పనిని చదువరి తన కొరకు తాను చేసికొన్నచో, దానికే సొంత పఠన ప్రణాళిక యని పేరు.

పట్టిక వేరు, పోగు వేరు. పాత తెలుగు గ్రంథములు వేలకొలది నేడు అంతర్జాలమున ఉచితముగా దొరకుచున్నవి. ఒక రాత్రి కూర్చుండి మున్నూరు పుస్తకములు దింపుకొని తృప్తిపడు వారు కలరు. దింపుకొనుట చదువుట కాదు. బీరువా నిండుట బుర్ర నిండుట కాదు. పట్టికకు హద్దు ఉండవలెను. ఆ హద్దు ఎంత యనగా, దినమునకు 10 పుటలు, నెలకు 300 పుటలు, అనగా సామాన్యమైన పుస్తకము ఒకటి. పది పుటలకు అరగంట చాలును. మూడు గంటలలో అరగంట మాత్రమే. సంవత్సరమునకు 12 పుస్తకములు. 15 ఏండ్లకు 180.

ఈ 180 అను అంకెను ఒక్కసారి నిలిచి చూడవలెను. నలువదియైదేండ్ల మనుష్యునకు పదవీ విరమణ వరకు 180 పుస్తకములే. ఒక చిన్న బీరువాలో పట్టును. "ఎప్పుడో చదువవచ్చునులే" అని పక్కన పెట్టినవి ఇంతకంటె ఎక్కువ ఉన్నచో, వానిలో కొన్ని ఎన్నటికిని చదువబడవని ఇప్పుడే నిశ్చయమైనట్లు. ఈ యెరుక కొంచెము బాధ కలిగించును. కాని ఎంపికకు విలువ నిచ్చునది ఈ బాధయే.

ఉద్యోగికి ఇట్టి దీర్ఘ ప్రణాళిక సాధ్యమా యని సందేహించు వారికి తెలుగువారు మరువరాని ఒక ఉద్యోగి ఉదాహరణము కలదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చి, 1820లో కడపలో కంపెనీ కొలువున చేరెను. తెలుగు ఆయన మాతృభాష కాదు. పగలు కచ్చేరి పని. తక్కిన వేళ తెలుగు. సొంత సొమ్ముతో పండితులను, లేఖకులను పోషించి తాళపత్రములను సేకరించి ప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అనువాదముతో ప్రకటించెను. నిఘంటువు 1852లో వెలువడెను. కడపకు వచ్చిన దినమునకును నిఘంటువునకును నడుమ 32 ఏండ్లు. బదిలీలు, అనారోగ్యము, పై అధికారుల అయిష్టము ఆయనకును తప్పలేదు. ఒక్కనాటి ఉత్సాహముతో అంత పని కాదు. దినదినము కొంత చేయుటవలననే యైనది.

ఇక ప్రణాళిక రచన. 1951 మొదలు 2017 వరకు ఈ దేశము పంచవర్ష ప్రణాళికలతో నడచినది. ఆ కాగితములు తయారుచేసిన కార్యాలయములలో పనిచేసిన వారును, వారి సంతతియు ఈ సభలో కలరు. కావున 15 ఏండ్లను మూడు పంచవర్ష ప్రణాళికలుగా విభజించుట ఈ సభకు క్రొత్తగా తోచదు. ఒక్కొక్క ప్రణాళికకు 60 నెలలు, 60 పుస్తకములు.

మొదటి ప్రణాళిక తప్పిన అలవాటును తిరిగి పట్టుటకు. ఇందు చిన్నవి, చురుకైనవి, ముగింపు త్వరగా కనబడునవి ఉండవలెను. సత్యం శంకరమంచి అమరావతి కథలు నూరు; అన్నియు చిన్నవే. రాత్రికి ఒక కథ చదివినను మూడు నెలల పది దినములలో ముగియును. పాలగుమ్మి పద్మరాజు కథలు చదువవచ్చును. ఆయన గాలివాన 1952 నాటి ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందినది. ముళ్లపూడి వెంకటరమణ బుడుగు ఇంటిల్లిపాదిని నవ్వించును. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి స్వీయచరిత్ర యగు అనుభవాలూ జ్ఞాపకాలూనూ తెలుగు వాక్యము ఎట్లు నడచునో తిరిగి చెవికి తెలియజేయును. గురజాడ కన్యాశుల్కము పేరు ఎరుగనివారు లేరు. 1909 నాటి రెండవ కూర్పును మొదటినుండి తుదివరకు చదివినవారు మాత్రము అందరును కారు. సినిమాగా చూచితిమను తృప్తి చదువుటకు అడ్డము రారాదు. డాక్టర్ పి. శ్రీదేవి కాలాతీత వ్యక్తులు, ఇల్లిందల సరస్వతీదేవి కథలు ఈ మొదటి యైదేండ్లలోనే చేరదగినవి.

రెండవ ప్రణాళిక పెద్దవానికి. ఇందు 36 నెలలు కవిత్రయ భారతమునకు కేటాయింపవచ్చును. పదునెనిమిది పర్వములు, సగటున రెండు నెలలకొక పర్వము. ఆది, శాంతి పర్వముల వంటి పెద్దవానికి హెచ్చు కాలము పట్టును. మౌసల, మహాప్రస్థానికముల వంటి చిన్నవి ఆ లోటును తీర్చును. నన్నయ ఆదిసభా పర్వములను ముగించి అరణ్యపర్వమును సగమున విడిచెను; తిక్కన విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు రచించెను; నడుమ మిగిలిన భాగమును ఎఱ్ఱన పూరించెను. మూడు శతాబ్దములలో ముగ్గురు ముగించిన పనిని మూడేండ్లలో చదువుట అతిశీఘ్రమే గాని ఆలస్యము కాదు. పద్యము కొరుకుడు పడదని భయపడు వారికి తిరుమల తిరుపతి దేవస్థానము వారు తాత్పర్యములతో ముద్రించిన ప్రతులు తోడ్పడును.

భారతమును పదవీ విరమణ తరువాతకు వాయిదా వేయుట ఉద్యోగులలో సామాన్యము. ఇది పొరపాటు. విరమణ నాటికి తీరిక యుండవచ్చును. కన్నులు, వెన్ను, చదువు పట్టు అట్లే యుండునని ఎవరు హామీ ఈయగలరు? పైగా అధికారము, పక్షపాతము, రాయబారము, మౌనముగా నున్న పెద్దల బాధ్యత వీనిని గూర్చిన గ్రంథమును కొలువులో ఉండగా చదివినప్పుడే దాని వేడి తగులును.

మిగిలిన 24 నెలలు నవలలకు, చరిత్రకు. ఉన్నవ లక్ష్మీనారాయణ వెల్లూరు చెరసాలలో వ్రాయగా 1922లో అచ్చైన మాలపల్లి, విశ్వనాథ వేయిపడగలు, అడివి బాపిరాజు నారాయణరావు, కొడవటిగంటి చదువు, బుచ్చిబాబు చివరకు మిగిలేది, వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి, దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు ఇందు చేరును. 1955లో తెలుగునకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానమును తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర తప్పక ఉండవలెను. రాజుల పట్టాభిషేకములు గాక ప్రజల తిండి, బట్ట, ఆట, ఆచారము తెలుపు చరిత్ర యది. వేయిపడగలకు ఢిల్లీతో ఒక సంబంధము కలదు. దానిని హిందీలోనికి సహస్రఫణ్ అను పేర అనువదించినది తరువాతి కాలమున ప్రధానమంత్రి యైన పి.వి. నరసింహారావు. రాజకీయ జీవితపు ఒత్తిడిలో ఆయనకు అంత పెద్ద నవలను అనువదించుటకు వేళ చిక్కినచో, సామాన్య ఉద్యోగికి చదువుటకు వేళ చిక్కదనుట సబబుగా తోచదు.

మూడవ ప్రణాళికను మూడు సమభాగములు చేయవచ్చును. 20 పుస్తకములు ఇరుగు పొరుగు భాషలవి. ఢిల్లీ క్వార్టర్సులో ఒక గోడ ఆవల బెంగాలీ, మరియొక గోడ ఆవల పంజాబీ, మేడమీద తమిళుడు. వారి యింటి పలుకరింపు తెలియును, పండుగ మిఠాయి తెలియును, వారి పుస్తకము తెలియదు. 1957లో స్థాపితమైన నేషనల్ బుక్ ట్రస్టు ఆదాన్ ప్రదాన్ అను మాలలో ఒక భాషవారి రచనలను మరియొక భాషలోనికి తెచ్చినది; సాహిత్య అకాడెమీ అనువాదములును కలవు. ఠాగూరు గోరా, ప్రేమ్‌చంద్ గోదాన్ మొదలుగా పట్టిక కట్టుకొనవచ్చును. రెండవ 20 పుస్తకములు తిరిగి చదువుటకు. ఇరువదియవ యేట చదివిన పుస్తకమే యేబదియైదవ యేట వేరొక పుస్తకమగును. చివరి 20 గడులు ఖాళీగా ఉంచవలెను. ఆ పుస్తకములు ఇంకను వ్రాయబడి యుండకపోవచ్చును. లేదా, పెద్దవారైన బిడ్డలు వానిని తండ్రికి చెప్పవలసి యుండును.

ఒక ఇంటిలో ఒక పట్టిక చాలదు. ఇల్లాలి పట్టిక ఇల్లాలిది. ఆమె వంటింటి పని, ఆఫీసు పని రెండును చేయుచున్నచో ఆమె అరగంటను కాపాడు బాధ్యత మొదట భర్తదే. భర్త ప్రశాంతముగా భారతము చదువుచుండగా భార్య గిన్నెలు కడుగుచున్న ఇంటిలో పఠన ప్రణాళిక ఒక సంవత్సరము దాటదు. దాటుట న్యాయమును కాదు.

ఇక ఆచరణకు నాలుగు నియమములు చాలును. మొదటిది, చదువు వేళ ఫోను వేరొక గదిలో ఉండవలెను. జేబులో మౌనముగా నున్న ఫోను సైతము పిలుచుచునే యుండును. రెండవది, దినమునకు 10 పుటలకు తగ్గరాదు. ఒకనాడు తప్పినచో మరునాడు 20 చదువవలెనని శిక్ష విధించుకొనరాదు. బకాయి పెరిగిన ఫైళ్లను చూచి గుమాస్తా బెదరునట్లు, బకాయి పెరిగిన పుటలను చూచి చదువరి బెదరును. తప్పినది తప్పినదే, మరల పదియే. మూడవది, ఒక చిన్న రిజిస్టరు. పుస్తకము పేరు, మొదలిడిన తేదీ, ముగించిన తేదీ, దానిని గూర్చి రెండు వాక్యములు. ఆ రెండు వాక్యములు తెలుగున, చేతితో వ్రాయవలెను. చదువు తప్పిన వేగము కంటె వ్రాత తప్పిన వేగము హెచ్చు. నాలుగవది, 50 పుటలు చదివినను మనస్సు పట్టని పుస్తకమును నిస్సంకోచముగా విడువవచ్చును. ఏటేట ఉగాదికి పట్టికను తిరుగవేయవలెను. బడ్జెటునకు సవరించిన అంచనా యున్నట్లే చదువునకును ఉండదగును.

పుస్తకములు దొరకునా యను ప్రశ్న సహజము. 1891లో కలకత్తాలో ఇంపీరియల్ సెక్రటేరియట్ లైబ్రరీగా మొదలైన నేటి కేంద్ర సచివాలయ గ్రంథాలయము ఉద్యోగులకు అతి సమీపమైనది. హిందీ, ప్రాంతీయ భాషా గ్రంథములకై దానికి తులసీ సదనమను విభాగమే ఏర్పడినది. సాహిత్య అకాడెమీ గ్రంథాలయమున భారతీయ భాషల పుస్తకములు కలవు. వీనికంటె దగ్గరిది మరియొకటి కలదు. సంఘ సభ్యుల ఇండ్లలో బీరువాలమీద దుమ్ము పట్టియున్న తెలుగు పుస్తకములన్నిటికి ఉమ్మడి పట్టిక ఒకటి తయారుచేసినచో, ఒక్క రూపాయి వ్యయము లేక ఈ నగరమున మంచి తెలుగు గ్రంథాలయము వెలయును.

ఇది క్రొత్త ఆలోచన కాదు, తెలుగువారి పాత సంప్రదాయమే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది; దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య పట్టుదల కలదు. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకములను పడవకెక్కించి కృష్ణా కాలువ మీద పల్లెలకు పంపెను. వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొనిపోయి తెలంగాణమున జనులకు అందించెను. ఆనాడు పుస్తకము మనుష్యుని వెదకుకొనుచు పోయినది. నేడు పుస్తకము చేరువలోనే యున్నది. మనుష్యుని చేయి మాత్రము వేరొక దానిమీద నున్నది.

పిల్లల విషయము చివరకు మిగిలినది గాని, అదియే ముఖ్యము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారము రెండేండ్లు నిండని శిశువులకు తెర కూడదు. రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంటకు మించరాదు. ఎదిగిన పిల్లలకు కాలపరిమితి విధించుట కంటె ఉదాహరణము చూపుట మేలు. తన చేత ఫోను ఉంచుకొని "చదువుకో" అని గద్దించు తండ్రి మాట బిడ్డ చెవికి ఎక్కదు. అక్షరము రాని బిడ్డకు దినమునకు పావుగంట పెద్దలు బిగ్గరగా చదివి వినిపింపవలెను. పూర్వము పల్లెలలో పురాణ కాలక్షేపము ఇట్లే నడచినది. ఒకరు చదువగా అక్షరము రాని నూరుమంది భారతమును ఎరిగిరి. 1947 జూలైలో మద్రాసున మొదలైన చందమామ ముద్రణ ఇప్పుడు లేదు. పాత సంచికలు మాత్రము ఇంకను లభించుచున్నవి. విన్న కథ తరువాతి భాగము తెలిసికొనవలెనను ఆత్రము కలిగిన నాడు బిడ్డ అక్షరమును తానే అడుగును.

మొదట చెప్పిన కుటుంబమున అట్లే జరిగినది. ఆ తండ్రి తన పట్టికలో మొదటి పుస్తకముగా అచ్చు గ్రంథమును పెట్టలేదు. తల్లి వ్రాసిన నోటుపుస్తకమునే పెట్టెను. రాత్రి భోజనానంతరము అరగంట, తండ్రీకూతుళ్లు ప్రక్కప్రక్కన కూర్చుండి, ఫోనులు రెండును వంటింటి అలమారులో పెట్టి చదువసాగిరి. వేసవి సెలవులలో ఆ బాలిక ఓనమాలు దిద్దినది. దసరా నాటికి గుణింతములు, ఒత్తులు పట్టుబడినవి. ఒక రాత్రి తండ్రి ఆగిపోయిన మూడవ పుట మరల వచ్చినది. మామ్మ గొలుసుకట్టు వ్రాతలో చిక్కుపడిన ఆ మాటను ఆమె ఒక్కొక్క అక్షరముగా విడదీసి, వ్రేలు పెట్టి, "ఉ... గ్గు... గి... న్నె" అని చదివి, "ఉగ్గుగిన్నె అంటే ఏమిటి, నాన్నగారూ?" అని అడిగెను.

అక్షరము కూతురు చదివినది. అర్థము తండ్రి యెరుగును. చంటిపిల్లలకు ఉగ్గు పోయు ముక్కుగిన్నె యని ఆయన చెప్పెను; తనకు ఉగ్గు పోసిన వెండిగిన్నె ఊరిలో ఇంకను ఉన్నదని చెప్పెను. ఇంకొక పదేండ్లు గడచియున్నచో ఆ మాట చదువుటకు ఒకరును, చెప్పుటకు ఒకరును ఆ యింట ఉండెడివారు కారేమో. పఠన ప్రణాళిక తెర యెదుట గడచు గంటలను తగ్గించును, నిజమే. కాని ఆ తగ్గిన గంటలలో ఏమి నిలిచినదను ప్రశ్నకు ఆ యింట నాటి రాత్రి సమాధానము దొరకినది.

180 గడుల కాగితము ఒకటి గీసికొనుటకు ఒక ఆదివారపు ఉదయము చాలును. మొదటి గడిలో ఏమి వ్రాయవలెనో ప్రతి యింటివారును తమ యింటి పెట్టెలోనే వెదకుకొందురు గాక.

స్వస్తి.